సీరియల్ కన్సోల్ వేగం బోర్డు మీద ముద్రిస్తే ఏం పోతుంది?

డిస్‌ప్లే లేని చిన్న కంప్యూటర్ బోర్డు బూట్ కాకపోతే లోపల ఏం జరుగుతోందో చాలాసార్లు చెప్పగలిగేది మూడు తీగల సీరియల్ కన్సోల్ (బోర్డు సందేశాలను మరో కంప్యూటర్‌లో అక్షరాలుగా చూపే లింకు) ఒక్కటే. దాని వేగాన్ని బోర్డు మీద ముద్రించడానికి తయారీదారులకు ఏమిటి కష్టం? చాలా బోర్డులకు సెకనుకు 115200 బిట్ల వేగం సరిపోతుంది, కొన్ని పాత పరికరాలకు 9600 కావాలి, రాక్‌చిప్ ఆర్‌కే3399 చిప్ ఉన్న బోర్డులు ఎక్కువగా 15,00,000 అడుగుతాయి, ఆ వేగాన్ని అందుకోలేని యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ కొన్నవారికి పిచ్చి గుర్తులే మిగులుతాయి.

పోనీ, వేగం కుదిరింది, టీఎక్స్ (పంపే) తీగ అవతలి ఆర్‌ఎక్స్‌కే (అందుకునే పిన్నుకే) కలిసింది. యూ-బూట్ (లైనక్స్ కెర్నల్‌ను లోడ్ చేసే ప్రోగ్రామ్) సందేశాలన్నీ చక్కగా వచ్చి, 'స్టార్టింగ్ కెర్నల్' దగ్గర అంతా ఆగిపోతుంది! కెర్నల్ నిజంగా ఆగిందా, లేక వేరే పోర్టుకు సందేశాలు పంపుతోందా? బూట్ ఆర్గ్యుమెంట్లలో (కెర్నల్‌కు ఇచ్చే సెట్టింగుల్లో) కన్సోల్ పోర్టుగా టీటీవైఎస్2 ఉండవలసిన చోట టీటీవైఎస్0 వదిలేసి, పైగా సందేశాలను తగ్గించే 'క్వయట్' కూడా చేర్చి ఇమేజ్ విడుదల చేస్తే కొన్నవారికి ఎలా తెలుస్తుంది? కెర్నల్ తొలి సందేశాలను ముందే చూపించే 'ఎర్లీకాన్' చేర్చి చూడమని కూడా ఒక్క వరుస రాయరా?