జనవరి గీత మార్చికి నిలవదు

నల్లమలలో టేకు, నల్లమద్ది, తునికి ఆకు రాల్చేది మాఘ, ఫాల్గుణాల్లో. నిప్పు దాటి రాకుండా అటవీశాఖ ఆకూ గడ్డీ తీసి శుభ్రం చేసే గీతల (ఫైర్‌లైన్ల) పని మాత్రం మామూలుగా అంతకు ముందే ముగిసిపోతుంది. జనవరిలో అద్దంలా గీసిన గీత మీద మార్చి రెండో వారానికి చీలమండ లోతున టేకాకు పరుచుకుంటుంది. ఎండితే అప్పడంలా విరిగే ఆకు అది. దాని మీదుగా నిప్పు ఇవతలికి రావడానికి నిమిషం చాలు. అమ్రాబాద్ వైపు గాని, ఆత్మకూరు వైపు గాని అడవిని ఆనుకొని సాగు చేసే రైతుకు ఇది తెలియనిదేం కాదు. కానీ ఆ గీత ఆయనది కాదు, ముట్టుకుంటే అటవీశాఖతో తగవు. గీత గీయడం ఒక పని, మార్చిలో దాన్ని మళ్లీ ఊడ్చడం మరో పని. ఈ రెండో పనికి కూలి డబ్బు ఇచ్చేవారు లేకపోవడమే అసలు సమస్య అని మేము భావిస్తున్నాము.

ఈ అడవుల్లో నిప్పు పిడుగై పైనుంచి పడేది చాలా అరుదు, మనిషి అంటించేదే ఎక్కువ. ఇప్పపువ్వు కనబడాలని చెట్టు కింద ఆకు తగలబెడతారు. తునికి చిగురు బాగా వస్తుందని అంటిస్తారు. పచ్చగడ్డి మొలుస్తుందని కాపరులు అంటిస్తారు. అందుకని నేరమంతా చెంచుల మీదా, కాపరుల మీదా నెట్టడం తేలికే. పత్తికట్టె కుప్పలేసి మిట్టమధ్యాహ్నం వడగాలిలో అగ్గిపుల్ల గీసే రైతు మాటేమిటి? ఇప్పచెట్టు కింద పాత చీర గాని, వల గాని పరిస్తే ఆకు కాల్చే అవసరమే ఉండదు. పత్తికట్టెను ష్రెడ్డరుతో ముక్కలు చేసి దున్నేస్తే కాల్చే పనే లేదు.

ఇక పొలం సంగతి. అటవీశాఖ గీతను నమ్ముకోకుండా పట్టా హద్దుకు లోపలి వైపు సొంత గీత ఒకటి ఉండాలి. చదును నేలలో 5 మీటర్లు సరిపోతుంది. పొలం గుట్ట మీద ఉండి అడవి కింద ఉంటే 10 మీటర్లు కావాలి. మంట ఎగువకు పరుగెత్తుతుంది కనుక వాలు 10 డిగ్రీలు పెరిగితే దాని వేగం సుమారు రెట్టింపవుతుంది. రోటవేటర్ తిప్పితే గడ్డి ముక్కలై కొంత మట్టి పైనే మిగులుతుంది, నిప్పు దాని మీద నెమ్మదిగా పాకుతూ వచ్చేస్తుంది. నాగలితో తిరగేసి మట్టి పైకి తెస్తేనే గీత. ఫిబ్రవరిలో ఒకసారి, మార్చి నడుమ ఇంకోసారి. గాలి ఎక్కువైతే నిప్పురవ్వలు ఏ గీతనైనా దాటుతాయి కాబట్టి గడ్డివామును ఇంటికీ కొట్టానికీ 30 మీటర్ల దూరాన వేసి, చుట్టూ దున్నాలి.

తోటల్లో మనం చేసుకున్న మంచి పనే ఒక్కోసారి కొంప ముంచుతుంది. తేమ నిలవాలని మామిడి పాదుల్లో పరిచిన ఎండుగడ్డి నిప్పుకు మేత. లేత మామిడి బెరడు పలచన. ఆకు కమలకపోయినా మొదలు ఉడికి, కొన్ని వారాలకు చెట్టు నిలువునా ఎండుతుంది. మార్చిలో మొదలు చుట్టూ మీటరు మేర గడ్డి తీసేయాలి. నల్లటి 16 మిల్లీమీటర్ల డ్రిప్ పైపు ఒకచోట అంటుకుంటే దీపం వత్తిలా చెట్టు నుంచి చెట్టుకు నిప్పును మోస్తుంది. అడవి వైపు చివరి రెండు వరుసల పైపులను వేసవిలో లోపలికి చుట్టి పెట్టుకోవడం నయం.

నీళ్లకు బోరును నమ్మలేం. మంట వచ్చిన రోజే తీగలు తెగుతాయి, లేదా ప్రమాదమని కరెంటు ఆపేస్తారు. హద్దు దగ్గర 1,000 లీటర్ల ట్యాంకు నిండుగా ఉంచాలి. 16 లీటర్ల స్ప్రే పంపులు రెండు మూడు సిద్ధంగా ఉండాలి, మందు కొట్టినవైతే కడిగి మరీ నింపాలి.

మన అడవుల్లో మంట ఎక్కువగా నేల మీదే, మోకాలెత్తులో నడుస్తుంది. అలాంటిదాన్ని పచ్చి కానుగ కొమ్మతోనో, తడిపిన గోనెపట్టాతోనో ఆర్పవచ్చు. కొమ్మను పైకెత్తి బాదకూడదు, రవ్వలు ఎగిరిపడతాయి. మంట మీద అదిమి, కాలిన వైపుకు ఈడ్వాలి. మంటకు ఎదురు నిలబడకుండా వెనక నుంచి పక్కల వెంబడి, కాలిన నేల మీదే నడుస్తూ రావాలి. బోదగడ్డిలో మంట మనిషెత్తు లేచిందంటే కొమ్మలు పారేసి వెనక్కి రావాల్సిందే. అప్పుడు చేయాల్సింది 101కి ఫోను, పశువుల కట్లు విప్పడం. నైలాన్ తాడు బిగుసుకుంటే చేతికి ఊడదు, కొడవలి కొట్టంలోనే వేలాడుతుండాలి. వచ్చే మంటకు మేత మిగలకుండా ముందే కాల్చేసే ఎదురు నిప్పు సాహసం మాత్రం రైతు సొంతంగా చేయకూడదు. గాలి మళ్లితే పక్క పొలం పోతుంది, కేసూ తప్పదు.

ఉపగ్రహం చూసుకుంటుందిలే అన్న ధీమా కూడా సరికాదు. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా పంపే హెచ్చరికలకు ఎవరైనా ఫోన్ నంబరు నమోదు చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. కానీ 375 మీటర్ల స్పష్టతతో చూసే, ఉపగ్రహాల్లో ఉండే విర్స్ పరికరం మన మీదుగా వచ్చేది మధ్యాహ్నం, అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర అటూఇటూగా. మధ్యాహ్నం మూడింటికి అంటుకున్న నిప్పు దాని కంటబడేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆలోగా చూడాల్సింది మనిషే.

2014 మార్చిలో శేషాచలం మండినప్పుడు వైమానిక దళ హెలికాప్టర్లు నీళ్లు చల్లాయి. హద్దు రైతుకు హెలికాప్టర్ అక్కర్లేదు. మార్చి రెండో వారంలో, ప్రతి ఊరి అడవి హద్దునా ఉన్న గీతను మళ్లీ ఊడవడానికి ఉపాధి హామీలో పని దినాలు కేటాయించాలి. ఆ పనిలో హద్దు రైతులకూ, చెంచులకూ మొదటి వరుస ఇవ్వాలి. కొలత పుస్తకంలో జనవరి తేదీతో పాటు మార్చి తేదీ కూడా నమోదైతేనే బిల్లు చెల్లించాలి. మంట ఆరాక రెండు రాత్రుల కాపలాకూ కూలి లెక్కగట్టాలి: ఎండు పేడకడి, మోడు లోపల నిప్పు రెండో రోజుకూ రాజుకుంటూనే ఉంటుంది.