ఆ నీడ ఎవరిదో చెప్పకండి

మొన్నటి సద్దుల బతుకమ్మ నాడు మన సంఘం అద్దెకు తీసుకున్న బడి వ్యాయామశాలలో, చెప్పులు విడిచే చోటుకు పక్కన పిల్లలు ఒక బల్ల వేసుకుని గోడ మీద ఒక వీడియో ఆటను చూపించడం మీలో చాలామంది గమనించే ఉంటారు. గమనించనివారు కూడా మైకులో వచ్చిన మాట విన్నారు. "ఆడబిడ్డలు బతుకమ్మ ఆడుతుంటే గా మూలకు గేములేంది, బంద్ చేయుండ్రి" అని కార్యవర్గ పెద్దలొకరు అన్నారు; అంతటితో ఊరుకోక తామే వెళ్ళి ప్రొజెక్టర్ తీగ పీకేశారు. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. తరువాతి సమావేశపు మినిట్సులో, వచ్చే ఏడు ఆ బల్ల ఉండబోదని ఒక్క వాక్యం చేరింది. ఆ వాక్యాన్ని తీసివేయాలని కోరడానికే ఇది రాస్తున్నాను. బల్ల పెట్టిన పదిహేనేళ్ళ పిల్లవాడు మా తమ్ముడి కొడుకని ముందే చెప్పడం ధర్మం.

ఆ ఆట పేరు ది విట్‌నెస్. జొనాథన్ బ్లో దాని రూపకర్త, 2016లో వచ్చింది. 1993 నాటి మిస్ట్ మొదలుకొని ఒక తోవగా వస్తున్న ఆటల కోవలోనిది: ఆడేవారి కళ్ళతోనే లోకం కనిపిస్తుంది, తుపాకీ ఉండదు, తరిమేవాడు ఉండడు. మనుషుల అలికిడి లేని ఒక దీవిలో నడుస్తూ పోతే అక్కడక్కడా పలకలు ఎదురవుతాయి. ఒక్కో పలక మీద ఒక చిక్కుదారి ఉంటుంది, గుండ్రటి చుక్క దగ్గర మొదలుపెట్టి చివరి వరకు ఒకే గీత లాగాలి. ఇటువంటివి ఐదు వందలకు పైగా ఉన్నాయి. నియమాలేమిటో ఆట ఎక్కడా మాటల్లో చెప్పదు. మొదటి రెండు మూడు తేలిక పలకలే తరువాతి వాటికి గురువులు.

ఆడిన ప్రతివారి అభిప్రాయం రాయించాలని మావాడు మిగిలిపోయిన ఆహ్వాన పత్రికలను చీటీలుగా కత్తిరించి పెట్టాడు. రాత్రి హాలు ఊడ్చేటప్పుడు చామంతి రేకులతో పాటు ఆ చీటీలు కూడా చీపురుకు వచ్చాయి. ఇంటికి తెచ్చుకుని ఆరబెట్టి చదివాను. ఒక అబ్బాయి "ఏమీ జరగదు, బోర్" అని రాశాడు. ఒక చిన్నమ్మాయి తనకు తల తిరిగిందని రాసి, పక్కన వాంతి చేసుకుంటున్న బొమ్మ కూడా గీసింది. ఒక చీటీలో "నాకు దొరికింది, మా చెల్లికి చెప్పలేదు" అని మాత్రమే ఉంది. ఎవరో తల్లి కాబోలు, వంకర లేని గుండ్రటి తెలుగు అక్షరాలతో "ఎందుకు తప్పో చెప్పకుండా తప్పు అంటే పిల్లలు చిన్నబుచ్చుకోరా?" అని అడిగారు.

ఆ తల్లి అడిగినదే లోకమంతటా ఈ ఆట ఆడినవారి మధ్య నడిచిన తగవు. విమర్శకులు దీన్ని బాగా మెచ్చుకున్నారు. ఆడినవారిలో కొందరు మాత్రం ఇది ఆడేవాడిని లెక్కచేయని ఆట అని, దారిలో దొరికే రికార్డింగులలోని పెద్దల సూక్తులు గొప్పలు పోతున్నట్టున్నాయని విసుక్కున్నారు. నేను కాదనలేని ఫిర్యాదులు కూడా ఉన్నాయి. అడవి భాగంలో పక్షి కూతల హెచ్చుతగ్గులను బట్టి గీత గీయాలి కాబట్టి వినికిడి తక్కువైనవారికి ఆ తలుపు మూసుకున్నట్టే. రంగుల మీద నడిచే పలకలు రంగులు పోల్చుకోలేనివారికి అన్యాయం చేస్తాయి. తల తిరగడం ఈ కోవ ఆటలన్నిటికీ ఉన్న జబ్బే. ఆటలమ్మే స్టీమ్ దుకాణంలో, కొన్న రెండు వారాల లోపల, ఆడింది రెండు గంటలకు మించకపోతే డబ్బు వాపసు అడగవచ్చుననే నియమం ఉంది. నిదానంగా రుచి తెలిసే ఇటువంటి ఆటకు రెండు గంటలు చాలవని అభిమానులు అంటారు. మన పెద్దలు రెండు నిమిషాలైనా ఇవ్వలేదు.

ఇక నా సంగతి. పోయిన డిసెంబరులో మావాణ్ణి వెంటబెట్టుకుని నల్గొండ పోయినప్పుడు, పానగల్లులోని ఛాయాసోమేశ్వరాలయానికి తీసుకుపోయాను. కుందూరు చోడుల కాలపు త్రికూటాలయం అది. నడుమ మండపం, చుట్టూ మూడు గర్భగుళ్ళు. శివలింగం మీద పగలంతా ఒక స్తంభపు నీడ పడి ఉంటుంది. బయట పొద్దు ఎంత తిరిగినా అది కదలదు. నా చిన్నతనంలో మా తాత నన్ను అక్కడికి సైకిల్ మీద తీసుకుపోయి, "ఆ నీడ ఏ స్తంభానిదో చెప్పు బిడ్డా" అని అడిగి, గడప మీద కూచుని బీడీ కాల్చుకున్నాడు. నేను ఒక్కో స్తంభాన్నీ కావలించుకుని నీడ వైపు చూశాను, చెప్పలేకపోయాను, ఆయనా చెప్పలేదు. తిరుగుదారిలో పానగల్లు చెరువు కట్ట మీద నేను ఏడిస్తే ఐస్‌ఫ్రూట్ కొనిచ్చాడు గాని జవాబు ఇవ్వలేదు.

మావాడు లోపలికి వచ్చి ఆ నీడను చూసి, "అత్తమ్మా, ఆగు, ఏం చెప్పకు" అన్నాడు. అక్కడున్న అయ్యగారు అలవాటుగా వివరం మొదలుపెట్టబోతే రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. ఆయన నవ్వి, గంట కిందికి జరిగి నిలబడ్డారు. పిల్లవాడు స్తంభం నుంచి స్తంభానికి నడిచాడు, నేల మీద కూచున్నాడు, వెనక్కి తిరిగి వెలుతురు ఏ సందుల నుంచి వస్తున్నదో చూశాడు, మళ్ళీ నీడ దగ్గరికి వచ్చి దాని అంచును తదేకంగా చూశాడు. విట్‌నెస్‌లో కూడా చెట్ల కొమ్మల నీడ పలక మీద పడే చోటొకటి ఉందని, అక్కడ ఆ నీడను బట్టే దారి తెలుస్తుందని గొణిగాడు. ముప్పావు గంట గడిచాక, "అత్తమ్మా, ఇది ఎండ నీడ కాదు, వెలుతురు నీడ" అన్నాడు. సగం దారి వచ్చేశాడు. అప్పుడు నేనేం చేశాను? ఆటో వాడు హారన్ కొడుతున్నాడని, ఇంటి దగ్గర వదిన అన్నానికి ఎదురుచూస్తున్నదని, మిగతా సగం గబగబా చెప్పేశాను. వాడు నా వైపు చూసి "చెప్పేసినవా" అన్నాడు. చెప్పులు తొడుక్కుని బయటకు పోయాడు. నల్గొండ చేరేదాకా మాట్లాడలేదు.

మన పాతకాలం అంతా బంగారమని నేననను. మా నాయనమ్మ పొడుపుకథ విప్పలేకపోతే నెత్తి మీద మొట్టేది. "తోక లేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది" అన్నదానికి ఉత్తరం అని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజులూ మొట్టికాయలే. అయినా పొడుపు ఆమెది, విడుపు నాది అన్న హద్దును ఆమె ఎన్నడూ దాటలేదు. హద్దు దాటింది తరువాత వచ్చిన మనం. గైడు పుస్తకాలతో, ఇంపార్టెంట్ ప్రశ్నలతో, ట్యూషన్ సారు గీతలు గీసి ఇచ్చిన జవాబులతో చదివి ఇక్కడిదాకా వచ్చిన తరం మనది. పిల్లవాడు ఒక నిమిషం ఊరకుంటే వాడికి రాదనుకుంటాం, రెండు నిమిషాలు ఊరకుంటే మనమే చెప్పేస్తాం. ఆనాడు హాలులో ఆ బల్ల ముందు పిల్లలు కదలకుండా నిలబడి ఉండటమే మన పెద్దలకు సోమరితనంగా కనిపించి ఉంటుంది. బల్లకు ఒక పక్కన పానగల్లు గుడి ఫొటో అంటించి, కింద "ఈ నీడ ఎవరిది?" అని వాడు తెలుగులో రాసి పెట్టాడు. తీగ పీకినవారు మా జిల్లావారే. ఆ ఫొటోను ఆయన చూడలేదు. నేనూ మరునాడు గాని చూడలేదు.

కార్యవర్గానికి ఒక మనవి. పాట మొదలైనప్పుడు ప్రొజెక్టర్ ఆపాలన్నది న్యాయమే, పిల్లలు ఒప్పుకున్నారు కూడా. బల్లను హాలులో వద్దనుకుంటే సద్దులు పెట్టే పక్క గదిలో వేయనివ్వండి. తల తిరిగేవారికి కుర్చీలు, పక్షి కూతలు వినలేనివారికి ఆ భాగం వదిలేసే ఏర్పాటు మావాడు చూసుకుంటానన్నాడు. పెద్దలకూ పని ఉంది: తలకొక పొడుపుకథ చీటీ మీద రాసి తెండి, విడుపు రాయకండి. ఆ బల్ల దగ్గర ఎవరి భుజం మీదుగానైనా జవాబు చెప్పబోయేవారిని బయటికి పంపే బాధ్యత నాకివ్వండి. నేను చెప్పబోతే మావాడు నన్ను పంపుతాడు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆ మినిట్సు వాక్యం చర్చకు వచ్చినప్పుడు దయచేసి చేతులెత్తండి.