శ్రీ ఆడియో కోడెక్ (అంకెలను శబ్దంగా మార్చే చిప్పు) గారి సముఖమునకు

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ ప్రాసెసర్, మెమరీ, తెర అందరూ క్షేమం. అందరూ లేచి పనిలో కూడా పడ్డారు. తమరు లేచారో లేదో మాత్రం తెలియడం లేదు.

సప్లై వచ్చింది. రీసెట్ వదిలాం. తమరు కోరిన క్లాకు 12.288 మెగాహెర్ట్జ్, 48 కిలోహెర్ట్జ్‌కి సరిగ్గా 256 రెట్లు, సమర్పించుకున్నాం. రిజిస్టర్లన్నీ (తమరి సెట్టింగుల గళ్లు) రాశాం. అయినా గొంతు విప్పరు. ఎందుకయ్యా అంటే వీమిడ్ అనే ఆధార వోల్టేజీని పట్టి ఉంచే కెపాసిటర్ నిండాలట! సప్లై 3.3 వోల్టులైతే సరిగ్గా సగం, 1.65 దగ్గర పీట వేస్తే గానీ తమరు కూర్చోరు. లోపల 50 కిలోఓమ్‌ల రెసిస్టర్లు రెండు (కెపాసిటర్ కంటికి రెండూ కలిసి 25), బయట 10 మైక్రోఫారడ్లు. టైమ్ కాన్‌స్టెంట్ (నిండే వేగానికి కొలత) 250 మిల్లీసెకన్లు. కుదురుకోవడానికి దానికి ఐదింతలు, అంటే సెకనుంపావు. ఈలోగా "టింగ్" అనాల్సిన మెసేజి చప్పుడు పుట్టడమూ పోవడమూ కూడా అయిపోతుంది.

పోనీ తొందరపెడదామా? రెసిస్టర్లు 5 కిలోఓమ్‌లకు మారిస్తే 125 మిల్లీసెకన్లలో లేస్తారు. లేస్తూనే చెవిలో "టప్పు"మని ఒక్కటిస్తారు. హెడ్‌ఫోన్ దారిలో ఉన్న 220 మైక్రోఫారడ్ల కెపాసిటర్ నిలకడగా ఉన్న వోల్టేజీని ఆపుతుంది గానీ, ఎగబాకే వోల్టేజీని ఆపదు. ఎంత వేగంగా ఎగబాకితే అంత గట్టి దెబ్బ. ఆలస్యమో, చెంపదెబ్బో కోరుకోమంటారు. (తమ కుటుంబంలో కొత్తతరం వాళ్లు ఛార్జ్ పంపుతో మైనస్ వోల్టేజీ చేసుకుని సున్నా దగ్గరే పాడుతున్నారు, ఆ కెపాసిటరే అక్కర్లేకుండా. వాళ్లలోనూ కొందరు ఆఫ్‌సెట్ (సున్నా నుంచి మిగిలే కాస్త తేడా) సరిచూసుకున్నాకే నోరు తెరుస్తారు. వంశం పోలిక ఎక్కడికి పోతుంది!)

తమరి మర్యాదలు చూడ్డానికి లినక్స్‌లో డీఏపీఎం అని, ఆడియో భాగాలకు కరెంటు ఎప్పుడివ్వాలో చూసే ఒక శాఖే ఉంది. ఏది ముందు లేపాలి, ఏది తర్వాత, అంతా వరస ప్రకారం. పాట ఆగాక కూడా, ఎవరూ వద్దనకపోతే, 5 సెకన్లు తమరిని పడుకోనివ్వరు. ఇంకో పాట వస్తే మళ్లీ లేపే ఖర్మ తప్పుతుందని. కొందరైతే ఆ తంటా కూడా ఎందుకని రోజంతా సున్నాలు పంపుతూ కూర్చుంటారు. బ్యాటరీ అరిగిపోతుంది, తమరు నిశ్శబ్దాన్ని అత్యుత్తమ నాణ్యతతో వినిపిస్తుంటారు.

ఇవన్నీ భరిస్తాం. ఒక్కటే మింగుడుపడదు. ఇంత సేపు నిలబెట్టినవారు, సిద్ధమయ్యామని చెప్పరేం? వందకు పైగా రిజిస్టర్లున్నాయి, వీమిడ్ నిండిందని తెలిపే బిట్ ఒక్కటీ లేదు. డేటాషీట్లో "టిపికల్" అని ఒక అంకె వేసి చేతులు దులుపుకున్నారు. తమరిని నడిపే ప్రోగ్రాం, అంటే డ్రైవర్లో, దాన్నే డిలేగా పెట్టుకుంటున్నాం. రేపు బోర్డు గీసేవారు 10 తీసి 4.7 మైక్రోఫారడ్లు పెడితే ఆ సంగతి తమరికీ తెలియదు, మాకూ తెలియదు. డిలే లైను మాత్రం అలాగే ఉంటుంది.

కావున వచ్చే రివిజన్లో ఒక్క స్టేటస్ బిట్ దయచేయించవలసిందిగా ప్రార్థన. అది వచ్చేదాకా డిలేని రెట్టింపు చేసి పెడుతున్నాం.

ఇట్లు,
తమ విధేయుడు,
డ్రైవర్ రాసేవాడు