కార్డులో ఒక రెవరెండ్ తగ్గిందట

మా మేనకోడలి పెళ్లి కార్డు ప్రూఫు నిన్న సాయంత్రం నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర డీటీపీ షాపులో చూసుకున్నాను. అమ్మాయి పేరులో పోయిన దీర్ఘం తిరిగి పెట్టించి, ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కున్నానో లేదో ఫోను. చర్చి కమిటీ కార్యదర్శి గారు. ప్రూఫు ఆయన దాకా ఎలా చేరిందని అడగకండి, మా బంధువుల వాట్సాప్‌కు తలుపులు లేవు.

"వందనాలు బ్రదర్. అయ్యగారి పేరు ముందు పాస్టరు అని వేశారు, రెవరెండ్ ఉండాలి. బిషపు గారి పేరే లేదు, ఆయనకు రైట్ రెవరెండ్ వేయాలి."

బిషపు గారు పెళ్లికి రావడం లేదు కదండీ అన్నాను. "రాకపోయినా ఆశీస్సులు ఉంటాయి కదా." సరే, ఉంటాయి. ఆ తర్వాత రెండు దగ్గులు దగ్గి అసలు సంగతి బయట పెట్టారు. "నా పేరు ముందు 'గౌరవ' పడలేదు."

అదీ! ఇంత దూరం తిరిగి వచ్చింది దానికోసం.

ఈ రెవరెండ్లకు మెట్లున్నాయి, తెలియని వారి కోసం చెబుతున్నాను. ఆంగ్లికన్ పద్ధతిలో, అంటే ఇంగ్లండు చర్చి పద్ధతిలో, మామూలు గురువు రెవరెండ్. బిషపు పీఠముండే పెద్ద చర్చి కెథడ్రల్, దాని పెద్ద గురువు డీన్ అయితే వెరీ రెవరెండ్. బిషపు కింద పెత్తనం చూసే ఆర్చిడీకన్ అయితే వెనరబుల్. బిషపు రైట్ రెవరెండ్, ఆర్చిబిషపు మోస్ట్ రెవరెండ్. మన సీఎస్ఐలో, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో, ఆర్చిబిషపు లేరు, బిషపులందరికీ పెద్దగా మోడరేటరు ఉన్నారు, ఆయనకూ మోస్ట్ రెవరెండే. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు అనే ప్రొటెస్టెంటు శాఖలవాళ్లు తమ తమ పట్టుదలలు ఎన్నో పక్కన పెట్టి ఒక్క సంఘమయ్యారు, అదే సీఎస్ఐ. బిరుదుల పెట్టె మాత్రం ఒక్క గీత పడకుండా మన దాకా వచ్చింది.

తెలుగులో మాటలు లేవా అంటే, బైబిలులోనే ఉన్నాయి. బిషపు అంటే అధ్యక్షుడు. అందుకే బిషపు ఏలుబడిలోని ప్రాంతాన్ని, డయోసిస్‌ను, అధ్యక్ష ఖండం అన్నారు. గురువుకు చర్చి పెట్టిన పేరు ప్రెస్బిటరు అంటే పెద్ద. ఇంటి పెద్ద, ఊరి పెద్ద అంటామే, ఆ పెద్దే. ఆయన కింది మెట్టు డీకను అంటే పరిచారకుడు. గ్రీకులో ఆ మాటకు బల్ల దగ్గర వడ్డించేవాడు అనే అర్థం కూడా ఉంది. రేపు కార్డు మీద 'పరిచారకులు ఫలానా వారు' అని వేయించి చూడండి, పెళ్లి పందిరిలోనే పంచాయితీ పెడతారు.

మా బావమరిదిది దేవరకొండ. వాళ్లు మెన్నోనైట్ బ్రదరెన్ అనే వేరే సంఘం. బిషపు లేడు, డీన్ లేడు, పసిపిల్లలకు నీళ్లు చిలకరించడం లేదు, ఎదిగి విశ్వసించాకే నీళ్లలో ముంచుతారు. "మీ చర్చిలో తల మీద నాలుగు చుక్కలే బావా, పేరు మీద మాత్రం బిందెడు పోస్తారు" అని ప్రతి క్రిస్మస్‌కూ అంటాడు. పాతికేళ్లుగా ఆ మాటకు కోపం తెచ్చుకున్నాను. నిన్న నేనే ఫోను చేసి ఒప్పుకున్నాను.

పోనీ ఈ పేర్లు పుట్టిన ఇంగ్లండులో అంతా భక్తేనా? పంటలో పదో వంతు చర్చికి ఇవ్వాల్సిన రోజుల్లో ధాన్యం, ఎండుగడ్డి వంటి పెద్ద రాబడి ఊరి చర్చి అసలు గురువైన రెక్టరుది. గొర్రెపిల్లలు, కోడిగుడ్లు, పాలు వంటి చిల్లర వికారుది. వికారు అన్న మాటకు అర్థమే 'బదులుగా వచ్చినవాడు'. నిజాం కాలపు లెక్కలో చెబితే రెక్టరు మక్తేదారు, వికారు ఆయన గుమాస్తా. ఆ కొలువును, దాని రాబడిని కలిపి లివింగ్ అనేవారు. మొన్న ఒక తెలుగు అనువాదంలో 'దొరగారు ఆ యువకుడికి జీవితాన్ని ప్రసాదించారు' అని చదివాను. ఇచ్చింది ప్రాణం కాదు మహాశయా, కోడిగుడ్లు!

అక్కడ చర్చి వార్డెన్లని ఇద్దరుంటారు. హాస్టల్ వార్డెన్లు కారు. జనంలోంచి ఏడాదికోసారి ఎన్నికై చర్చి సామాను, మరమ్మతులు చూసుకునే మామూలు సభ్యులు. ఏడాదికోసారి, గమనించండి. నా పెళ్లి కార్డు మీద కూడా ఈ కార్యదర్శి గారే ఉన్నారు.

1912లో దోర్నకల్‌ బిషపు అయిన అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషపు. ఎద్దుబండి మీద ఊళ్లు తిరిగారు. జనం ఆయనను తండ్రిగారు అన్నారు. ఆ పిలుపు ముందు ఏ రైట్ రెవరెండ్ నిలుస్తుంది?

పిలుపు అంటే గుర్తొచ్చింది, ఇక దీన్ని రాయకుండా ఆగలేను. ఆంగ్లికన్ చర్చిలో గంట కొట్టి, సమాధి తవ్వే మనిషికి సెక్స్‌టన్ అని పేరు. చేత కర్ర పట్టుకుని ఊరేగింపుకు దారి చూపే మనిషి వర్జరు. గౌను వేసుకుంటాడు. బిషపు వచ్చినా ముందు నడిచేది ఆయనే.

మా తాత ఆ పనులన్నీ చేశాడు, గౌను లేకుండా. మిర్యాలగూడ వైపు మా ఊరి చర్చిలో ఇరవై ఎనిమిదేళ్లు. ఆదివారం గంట ఆయనదే, చావు గంట ఆయనదే. గుంట తవ్వి, మట్టి చేతులు కడుక్కుని, మర్నాడు రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు సంస్కారం గిన్నెలు తోమేవాడు. కోతపండుగకు జనం చర్చికి కానుకగా తెచ్చిన గుమ్మడికాయలన్నీ వేలం బల్ల దాకా మోసేవాడు. జీతం రెండు కుంచాల జొన్నలు. బిరుదు 'గంటాయన'.

చర్చి కొత్తగా కట్టినప్పుడు నల్లరాతి శిలాఫలకం మీద పదిహేడు పేర్లు చెక్కించారు. రిబ్బను కత్తిరించినవారు, మైకు సెట్టు ఇచ్చిన కాంట్రాక్టరు, ఆ కాంట్రాక్టరు తమ్ముడు. తాత పేరు లేదు. మా నాన్న వెళ్లి అడిగితే అప్పటి కార్యదర్శి "ఆయనకు పదవి ఏముందని వేస్తాం?" అన్నారట. అప్పటి కార్యదర్శి ఎవరనుకున్నారు? ఇప్పటి కార్యదర్శి గారి నాన్నగారే.

పొద్దున మళ్లీ షాపుకు వెళ్లాను. అయ్యగారికి రెవరెండ్ వేయించాను. ఆయన మంచి మనిషి, ఈ గొడవ ఆయనకు తెలియను కూడా తెలియదు. బిషపు గారి ఆశీస్సులూ పెట్టించాను. పెళ్లికూతురి పేరు కింద తాత పేరు రాయించి, 'చర్చి గంట కొట్టినవారి మునిమనవరాలు' అని చేర్పించాను. డీటీపీ కుర్రవాడు తల గోక్కుని "ఇది పదవా సార్? లావు అక్షరాల్లో పెట్టాలా?" అని అడిగాడు. పెట్టమన్నాను.

కార్యదర్శి గారి పేరు ఉంది. ముందు 'గౌరవ' లేదు. కార్డులు మంగళవారం చేతికొస్తాయి, అప్పటిదాకా ఆ నంబరు నుంచి ఫోను వస్తే ఎత్తేది లేదు.