బిగ్ బ్యాంగ్‌ను జేమ్స్ వెబ్ కూల్చలేదు, ఆ మెసేజ్ ఇక ఆపండి

‘నాసా దాచిన నిజం’ అనే మెసేజ్ నల్లగొండలో టీచర్ల గ్రూపుల నుంచి పేరెంట్స్ గ్రూపుల దాకా తిరుగుతూనే ఉంది. ఒకరికి జవాబు రాసేలోపు ఇంకొకరు పంపుతున్నారు. అందులో ఉన్నది ఇదీ: జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్‌తో బిగ్ బ్యాంగ్ (విశ్వం చాలా వేడిగా, దట్టంగా మొదలై విస్తరిస్తూ వచ్చిందన్న సిద్ధాంతం) అబద్ధమని తేలిపోయింది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు కాదు, 2,670 కోట్లు. విశ్వం విస్తరించడం లేదు, కాంతే దారిలో అలసిపోయి ఎర్రబడుతోంది. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లోని ప్రాచీన నిలువురాళ్ల మీద ఇదంతా ముందే ఉంది. చివరి మాట: ఇవన్నీ ఎవరూ పరీక్షించలేని ఊహలు, బడిలో చెప్పేది నమ్మకండి.

దాచారన్నది అబద్ధం. వెబ్ తొలి సర్వేల డేటాను 2022లో వచ్చింది వచ్చినట్టే అందరికీ ఇచ్చారు. ముడుమాల్‌లో ఒక బండ మీది గుంటలను సప్తర్షి మండలంగా గుర్తించారు, అది మన పాలమూరు గర్వపడాల్సిన సంగతి. విశ్వం వయసు మాత్రం అక్కడ లేదు.

2,670 కోట్ల లెక్క 2023లో ఒట్టావా యూనివర్సిటీ నుంచి వచ్చిన పేపర్‌లోది. అది నిజమైన పేపరే. కానీ అందులోనూ విశ్వం విస్తరిస్తూనే ఉంటుంది, అలసిన కాంతిని దానికి జోడించారు. అంటే మెసేజ్‌లో ఒక ముక్క పక్క ముక్కనే కొట్టేస్తోంది. పంపేముందు ఒక్కసారైనా చదివారా?

ఇక వెబ్ చూసిన గెలాక్సీలు. బిగ్ బ్యాంగ్ తర్వాత దాదాపు 29 కోట్ల ఏళ్లకే అంత వెలుగుతో గెలాక్సీలు ఉంటాయని చాలామంది అనుకోలేదు, నిజమే. దాంతో తొలి నక్షత్రాలు ఎంత వేగంగా పుట్టాయన్న లెక్క మారుతుంది. విస్తరణ అబద్ధమైపోదు. పైగా 2022లో రంగులను బట్టి రెడ్‌షిఫ్ట్ (కాంతి ఎంత ఎర్రబడిందో చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ గెలాక్సీ అంత దూరం) 16 అని సంచలనం రేపిన ఒక గెలాక్సీకి మరుసటి ఏడాది కాంతిని విడగొట్టి స్పెక్ట్రమ్ తీస్తే 4.9 అని తేలింది. ఆ సవరణ మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

నాకు కోపం తెప్పించింది ఆ చివరి మాట. పదో తరగతి అమ్మాయి ఒకరు నన్ను అడిగింది: ‘ఎవరూ పరీక్షించలేనిది మేమెందుకు చదవాలి సార్?’ మీ ఫార్వర్డ్ చేసిన పని ఇదీ.

పరీక్షించలేరా? టైప్ 1ఎ సూపర్‌నోవాలు అనే పేలే నక్షత్రాలు దాదాపు ఒకే తీరున వెలిగి, కొన్ని వారాల్లో మసకబారతాయి. విశ్వం విస్తరిస్తుంటే, రెడ్‌షిఫ్ట్ 1 దగ్గర, అంటే కాంతి తరంగాలు రెండింతలు సాగిన చోట, 20 రోజుల్లో జరిగేది మనకు 40 రోజులు జరిగినట్టు కనపడాలి. కాంతి ఊరికే అలసిపోతే రంగు మారుతుందే గానీ 20 రోజులు 20 రోజులుగానే ఉండాలి. రెండు సిద్ధాంతాలు, రెండు వేర్వేరు జవాబులు. ఆకాశాన్ని చూస్తే ఏది ఒప్పో తెలుస్తుంది. చిలీలోని టెలిస్కోప్‌తో చూసిన 1,504 సూపర్‌నోవాల ఫలితం 2024లో వచ్చింది: ఎంత రెడ్‌షిఫ్టో అంత సాగదీత, విస్తరణ చెప్పినట్టే. ఒట్టి అలసిన కాంతి అక్కడ ఓడిపోయింది.

మన ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ గారు, బ్రిటన్ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్ కలిసి బిగ్ బ్యాంగ్‌ను జీవితాంతం ప్రశ్నించారు. వాళ్లను ఎవరూ వెలివేయలేదు. విశ్వానికి మొదలే లేదు, అది ఎప్పుడూ ఒకేలా ఉందనే స్థిరస్థితి సిద్ధాంతాన్ని వాళ్లు సమర్థించారు. దాన్ని దెబ్బతీసింది 1965లో బయటపడ్డ నేపథ్య వికిరణం, అంటే తొలినాటి విశ్వం నుంచి ఆకాశమంతా నిండి ఉన్న కాంతి. బిగ్ బ్యాంగ్‌ను సమర్థించేవాళ్లకూ ఇదే కొలత. విశ్వం తొలి క్షణాల గురుత్వ తరంగాల (స్థలంలోనే పుట్టే అలల) జాడ దొరికిందని 2014 మార్చిలో దక్షిణ ధ్రువంలోని బైసెప్2 టెలిస్కోప్ బృందం ప్రకటించింది. ఏడాది తిరగకుండానే ప్లాంక్ ఉపగ్రహం డేటాతో కలిపి చూస్తే, ఆ సంకేతంలో ఎక్కువ భాగం మన గెలాక్సీ దుమ్ముదే అయి ఉండొచ్చని తేలింది. ఆ విశ్లేషణ మీద ఆ బృందమే సంతకం పెట్టింది. ఊహలను ఎవరూ పరీక్షించరంటే ఇదంతా ఏమిటి?

ఒక్క చోట మాత్రం మెసేజ్ రాసినవారి కోపం న్యాయమే. మన విశ్వం లాంటివి ఇంకెన్నో ఉన్నాయనే బహుళ విశ్వాల గురించి యూట్యూబ్‌లో తేలిపోయిన సత్యంలా చెబుతున్నారు. దానికి ఇప్పటిదాకా ఒక్క పరిశీలన ఆధారం కూడా లేదు, పిల్లలకు అలా చెప్పడం తప్పు. విస్తరణ వేగం కూడా సరిగ్గా కలవడం లేదు. ప్రతి మెగాపార్సెక్ (సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాల) దూరానికి ఆ వేగం నేపథ్య వికిరణం నుంచి లెక్కిస్తే సెకనుకు సుమారు 67 కిలోమీటర్లు, సూపర్‌నోవాల నుంచి కొలిస్తే సుమారు 73. ఎందుకో ఇంకా తేలలేదు. గ్రూపులో చర్చ పెట్టాలంటే దీని మీద పెట్టండి, నేనూ వస్తాను.