విశ్రాంతిదినాన శాసనసభ

టెక్సాస్ శాసనసభ్యుల భక్తిని శంకిస్తే కళ్లు పోతాయి. ఆ రాష్ట్రంలో ఇప్పుడు కళ్లతో చాలా పని ఉంది. 2025లో వారు ఆమోదించిన సెనేట్ బిల్లు 10 ప్రకారం ప్రభుత్వ బడుల్లో ప్రతి తరగతి గదిలోనూ పది ఆజ్ఞల పటం, అంటే బైబిల్‌లో దేవుడు మోషేకు రాతిపలకల మీద ఇచ్చిన ఆజ్ఞల పటం తగిలించాలి. అడ్డం కనీసం 16 అంగుళాలు, నిలువు కనీసం 20. మామూలు చూపున్న మనిషి గదిలో ఏ మూలన నిలబడినా అక్షరాలు కనబడాలి. ఆ పలకలు దాచే మందసం అనే పెట్టె పొడవెంతో, వెడల్పెంతో మూరల లెక్కన మోషేకు పూసగుచ్చినట్టు చెప్పిన దేవుడు రాతిపలకల కొలతలు మాత్రం చెప్పలేదు. ఇన్ని వేల ఏళ్ల తరువాత ఆ లోటు టెక్సాస్ రాజధాని ఆస్టిన్‌లో తీరింది.

ఆజ్ఞల వరస యూదులకు ఒక రకం, కాథలిక్కులకు ఒక రకం, ప్రొటెస్టెంట్లలో చాలా మందికి ఇంకో రకం. దేవుడికి ఏ పాఠం ఇష్టమో కూడా చట్టంలోనే తేల్చేశారు. మా పని మీరు చేయకండి మహాప్రభో అని టెక్సాస్ పాస్టర్లు, రబ్బీలనే యూదు మతగురువులు చాలా మంది లేఖ రాసి మొత్తుకున్నారు. వాళ్లకేం తెలుసు పాపం, రోజూ దేవుడి సేవలో ఉండేవాళ్లు.

ఇక మే 24, 2025 నాటి సభ. ఆ రోజు శనివారం. ప్రతినిధుల సభలో బిల్లు భారం మోస్తున్న క్యాండీ నోబుల్‌ను జేమ్స్ టలారికో అనే సభ్యుడు, ఆయన అప్పటికి క్రైస్తవ వేదాంత విద్యార్థి, కొన్ని ప్రశ్నలు అడిగాడు. విశ్రాంతిదినాన్ని పరిశుద్ధంగా పాటించమనే ఆజ్ఞ ఈ పటంలో ఉందా? ఉంది. యూదుల విశ్రాంతిదినం ఏది? శనివారం. మరి ఈ రోజు? శనివారమే. తుది ఓటు ఎప్పుడు? రేపు, ఆదివారం, అంటే క్రైస్తవుల విశ్రాంతిదినాన. అయితే సోమవారానికి వాయిదా వేద్దామా? కుదరదు. శనివారం ఒకసారి, ఆదివారం ఒకసారి, రెండు మతాల వారి విశ్రాంతికీ సమాన గౌరవమిస్తూ బిల్లును గట్టెక్కించారు.

ఇదే టెక్సాస్‌లో కార్ల దుకాణం వరసగా శని, ఆదివారాలు రెండూ తెరవకూడదు. ఏదో ఒక రోజు మూసి తీరాలి. మద్యం దుకాణానికైతే ఆదివారం తాళమే. శనివారం కారు అమ్మిన పాపానికి ఆదివారం ఇంట్లో కూర్చునే ఆ సేల్స్‌మన్‌ను ఊహించుకోండి. ఆ రాష్ట్రంలోనే ఉన్న ఇర్వింగ్ ఊరి నుంచి మనవాడొకడు ఫోను చేసి ఈ రోజు మంచి ముహూర్తం, తాళం చెవులు ఇప్పించండి అని బతిమాలితే ఆయన ఏం చెప్పాలి? కారు కుదరదు బాబూ, చట్టం ఒప్పుకోదు. చట్టమే కావాలంటే ఆస్టిన్ వెళ్లండి, వాళ్ల కొట్టు రెండు రోజులూ తెరిచే ఉంది.

పటాల చట్టం ఆ ఏడాది సెప్టెంబరు 1న అమలులోకి వచ్చింది. వినాయక చవితి ఆగస్టు 27న. ఉండ్రాళ్లు తిని మట్టి బొమ్మ ముందు గుంజీలు తీసిన పిల్ల, వారం తిరగకుండానే విగ్రహాలు చేసుకోరాదని గోడ మీద చదువుకోవాలన్నమాట. ఈ చట్టం మీద కోర్టుకెక్కిన కుటుంబాల్లో యూదులు, క్రైస్తవులతో పాటు హిందువులూ ఉన్నారు. మనవాళ్లలో చాలా మంది మాత్రం గ్రీన్ కార్డు వచ్చేదాకా మనకెందుకు అనే పదకొండో ఆజ్ఞను నిష్ఠగా పాటిస్తున్నారు.

వ్యభిచారం అంటే ఏమిటని ఒకటో తరగతి పిల్లవాడు అడిగితే టీచరు ఏం చెప్పాలో చట్టంలో లేదు. రాష్ట్ర అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్‌ను అడగవచ్చు. రాష్ట్ర సెనేటరైన ఆయన భార్య 2025 జూలైలో బైబిల్ కారణాల మీద విడాకులు కోరారు. ఆ వ్యవహారం కోర్టు చూసుకుంటుంది. ఆగస్టులో ఆయన మాత్రం కోర్టు ఆపని బడులన్నీ పటాలు తగిలించాల్సిందేనని ఆదేశించారు.

నరహత్య చేయకూడదనే వాక్యం కూడా ఆ పటంలో ఉంది. మే 24 అన్నాను కదా. 2022లో అదే తేదీన, అదే టెక్సాస్‌లో, యువాల్డీలోని రాబ్ ప్రాథమిక పాఠశాలలో 19 మంది పిల్లలను, ఇద్దరు టీచర్లను ఒక 18 ఏళ్ల కుర్రవాడు కాల్చి చంపాడు. ఆ రైఫిల్ దొంగది కాదు, చట్టప్రకారం కొన్నదే. 376 మంది పోలీసులు వచ్చారు, అయినా హంతకుడున్న తరగతి గదిలోకి వెళ్లడానికి 77 నిమిషాలు పట్టింది. పిల్లల ఫొటోలు పట్టుకుని తల్లిదండ్రులు ఆస్టిన్ చుట్టూ తిరిగారు. అలాంటి రైఫిల్ కొనే వయసును 18 నుంచి 21కి పెంచమన్నారు, అంతే. 2023లో ఆ బిల్లు కమిటీ దాటింది, సభలో చర్చకు మాత్రం రాలేదు. గడువు దాటిపోయిందట! పటాల బిల్లుకు గడువు ముంచుకొస్తే దేవుడి ఆజ్ఞను పక్కన పెట్టి శనివారం, ఆదివారం కూర్చున్న సభ ఇదే. సిగ్గు లేకపోతే సరి, ఆ తేదీ అయినా గుర్తుండవద్దా?

కార్లకు, మద్యానికి ఉంది గానీ, తుపాకుల దుకాణం ఆదివారం మూయాలన్న చట్టం టెక్సాస్‌లో లేదు.