‘డర్టీ లాండ్రీ’ ఒట్టి పగ పాటేనా?

నల్లగొండలో మా పాటల గ్రూపులో వారం నుంచి ఒక మెసేజ్ తిరుగుతోంది. అమెరికా గాయకుడు డాన్ హెన్లీ 1982లో పాడిన ‘డర్టీ లాండ్రీ’ గురించి. "తన అరెస్టును వార్త చేసినందుకు ఒక స్టార్ టీవీ వాళ్ల మీద తీర్చుకున్న పగ. ఉత్త సెలబ్రిటీ ఏడుపు. జనమూ పట్టించుకోలేదు. అసలు మనకేం సంబంధం?" అని.

పగ సంగతి కొంత నిజమే. 1980లో ఆయన అరెస్టయ్యాడు, ఆ మంట పాటలో ఉంది. కానీ నటి నటాలీ వుడ్, నటుడు జాన్ బెలూషి చనిపోయినప్పుడు మీడియా చేసిన రచ్చ కూడా ఆ పాట పుట్టడానికి కారణం. అది వదిలేసి అరెస్టు ఒక్కటే పట్టుకుంటే ఎలా?

ఇక ఏడుపు. ఈ మాట అన్నవాళ్లు పాట పూర్తిగా విన్నారా అని నా డౌటు. అందులో మాట్లాడేది వార్తలు చదివే మనిషి. యాక్టర్ కావాల్సినవాణ్ణి, ఇక్కడ తేలానంటాడు. సాయంత్రం అయిదింటికి వచ్చే యాంకరమ్మ విమానం కూలిన కబురు చెబుతుంటే ఆమె కళ్లు మెరుస్తాయి. న్యూస్‌రూంలో పందేలు కాస్తారు. భర్త పోయినావిడను తెచ్చి కెమెరా ముందు కూర్చోబెట్టమంటారు. ఇదంతా బాధపడ్డవాడు చెబితే ఫిర్యాదులా ఉండేది. చేసేవాడి నోటితోనే, కాలు ఆడించే బీటు మీద, సిగ్గు లేకుండా చెప్పించాడు. పనితనం అక్కడుంది. (చివర్లో సాగదీశాడన్నది మాత్రం నేనూ ఒప్పుకుంటా.)

జనం పట్టించుకోలేదా? బిల్‌బోర్డ్ హాట్ 100 అనే అమెరికా పాటల ర్యాంకుల పట్టికలో మూడో స్థానం దాకా వెళ్లింది. ఈ పాయింటుకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

మనకేం సంబంధం అన్నదే నాకు మింగుడు పడలేదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో పట్టపగలు హత్య జరిగింది. ఆ సీసీ కెమెరా వీడియోను ఛానళ్లు ఎన్నిసార్లు తిప్పాయో మన జిల్లావాళ్లకు వేరే చెప్పాలా? భర్తను పోగొట్టుకున్న అమ్మాయి ముందు మైకులు పెట్టడమూ చూశాం. పైగా ఆ పాట చూసేవాళ్లనూ వదల్లేదు, ఎదుటివాడు పడిపోతే జనానికి ఇష్టమంటుంది. ఆ రోజు మా ఇంట్లోనూ రాత్రి దాకా ఎవరూ టీవీ కట్టేయలేదు.